రిటైరయ్యాక ఊళ్ళో ఎకరం: కొనేముందు నాలుగు మాటలు

అల్ ఐన్ నుంచి మాట్లాడుతున్నాను. నేను వృత్తిరీత్యా ఐటీ కన్సల్టెంటుని. భూముల వ్యాపారిని కాదు, లాయర్నీ కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే ఈమధ్య ఇక్కడ ఎవరింటికి భోజనానికి వెళ్ళినా పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి మాట భూమి మీదికి మళ్ళుతోంది. "ఊళ్ళో ఒక ఎకరం కొని పెట్టుకుంటే చివర్లో అక్కడే ఉండిపోవచ్చు కదా" అని. నేనూ ఆ మాట అన్నవాడినే. మూడేళ్ళుగా వెతుకుతున్నాను. ఈ మూడేళ్ళలో నేను నేర్చుకున్నది, కొంత నా డబ్బు పెట్టి, కొంత పక్కవాళ్ళ కష్టం చూసి నేర్చుకున్నది, ఈ పూట మీతో చెప్పుకుంటాను.

అల్ ఐన్ గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. దుబాయ్ లాగా సముద్రం, ఆకాశాన్నంటే మేడలు ఇక్కడ ఉండవు. ఊరి మధ్యలో పెద్ద ఖర్జూర తోట ఉంటుంది. లక్షకు పైగా చెట్లు. వాటికి నీళ్ళు ఇచ్చేవి ఫలజ్ అనే పాతకాలపు కాలువలు. భూమి లోపలినుంచి నీటిని వాలు మీద తీసుకొచ్చి తోటలకు పారిస్తారు. 2011లో యునెస్కో ఈ ఊరి ఒయాసిస్సులనీ, పాత కట్టడాలనీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సాయంత్రం పూట మా అమ్మాయిని తీసుకొని అక్కడ నడుస్తుంటాను. ఆ కాలువల్లో నీటికి పూర్వం గంటల లెక్కన వంతులు ఉండేవట. చెట్టు నీదైనా వంతు లేకపోతే చెట్టు ఎండుతుంది. మా కడప వైపు చెరువు కింద వంతు నీళ్ళు కూడా అంతే కదా అనిపించింది. నేల కొంటున్నామని మనం అనుకుంటాం, నిజానికి వెతకవలసింది నీళ్ళు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు డబ్బు లెక్క. మనలో చాలామందికి ఈ దేశంలో పెన్షన్ లేదు. ఉద్యోగం మానేసే రోజున గ్రాట్యుటీ ఇస్తారు. మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. మూలవేతనం అని గమనించండి, అలవెన్సులు అందులో కలవవు. నెలకు 6000 దిర్హాముల బేసిక్ ఉన్న మనిషి పదేళ్ళు చేస్తే 255 రోజుల జీతం, అంటే 51,000 దిర్హాములు. చేతికి వచ్చిన రోజు పెద్ద మొత్తంలాగే కనిపిస్తుంది. దాన్ని మిగిలిన జీవితం మీద పరిచి చూస్తే ఎంత పలచనో అర్థమవుతుంది. అందుకే మా ఆవిడా నేనూ కూర్చుని ఒక గీత గీసుకున్నాం. మొత్తం పొదుపులో మూడో వంతు మించి మట్టిలో పెట్టకూడదని. మట్టి నెలనెలా జీతం ఇవ్వదు. అరవై ఐదేళ్ళప్పుడు మందులషాపు వాడికి రెండు సెంట్లు కోసి ఇవ్వలేం కదా. మా లెక్కలో భూమికి వచ్చింది పాతిక లక్షల రూపాయలు. అమెరికాలో ఉన్న శ్రోతలకు అది చిన్న మొత్తం కావచ్చు. మాకు అదే మొత్తం.

ఇక అసలు విషయానికి వస్తాను. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. తెలిసినా "ఆ, ఎవరు చూస్తారులే" అని వదిలేసే సంగతి. ప్రవాస భారతీయులమైన మనం ఇండియాలో వ్యవసాయ భూమి కొనకూడదు. ఇల్లు కొనవచ్చు, ఇంటి స్థలం కొనవచ్చు, షాపు కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోటల భూమి, ఫామ్ హౌస్, ఈ మూడూ కొనకూడదు. ఫెమా చట్టం 2000 జూన్‌లో అమల్లోకి వచ్చింది. దాని కింద 2019లో ఇచ్చిన నిబంధనల్లో కూడా ఇదే ఉంది. ఓసీఐ కార్డు వాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. మన పేరున ఎవరైనా దానంగా రాసిచ్చినా చెల్లదు. వారసత్వంగా వస్తే మాత్రం తీసుకోవచ్చు. ఇండియాలో ఉన్న రోజుల్లో మన పేరున కొన్నది ఉంటే అలాగే ఉంచుకోవచ్చు. ఉల్లంఘిస్తే ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు.

నాకిది ఎలా తెలిసిందో చెబితే నవ్వుతారు. దుబాయ్‌లో ఒక హోటల్ హాల్లో శుక్రవారం బిర్యానీ పెట్టి భూములు అమ్మారు. ఎర్రచందనం మొక్కలు నాటిన తోట, గజాల లెక్కన, పక్కనే క్లబ్ హౌస్, నిర్వహణ అంతా వాళ్ళదేనట. మాది ఎర్రచందనం పుట్టిన గడ్డ. శేషాచలం అడవి మాకు పెరడు లాంటిది. ఆ చెట్టు చేవదేరడానికి ఎన్నేళ్ళు పడుతుందో మా అబ్బను అడిగితే చెప్పేవాడు. సరే, అది పక్కన పెట్టండి. "ఎన్నారైలు కొనవచ్చా" అని అడిగాను. "గజాల్లో అమ్ముతున్నాం కదా సార్, అది ప్లాటే" అన్నాడు ఆ అబ్బాయి. ఇంటికొచ్చి నిబంధనలు చదివాను. గజాల్లో కొలిచినా, గుంటల్లో కొలిచినా, రికార్డులో వ్యవసాయ భూమి అని ఉంటే అది వ్యవసాయ భూమే. ఇంటి స్థలం కావాలంటే లేఅవుటుకు అనుమతి ఉండాలి. బిర్యానీ మాత్రం బాగుంది.

మరి మనవాళ్ళు కొంటున్నారు కదా అంటారు. కొంటున్నారు. ఎవరి పేరున కొంటున్నారో చూడండి. తమ్ముడి పేరున, బావమరిది పేరున, చిన్నాయన కొడుకు పేరున. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి.

ఇక్కడ సనాయియాలో, అంటే వర్క్‌షాపులు ఉండే పేటలో, మా వైపు పెద్దాయన ఒకరున్నారు. అందరం అన్నా అనే పిలుస్తాం. మా రాజంపేట వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు. ఆయన మాత్రం దారి తప్పి ఇక్కడికి వచ్చి పాతికేళ్ళు దాటింది. 2009లో తమ్ముడి పేరున మూడెకరాలు కొన్నాడు. ప్రతి నెలా డబ్బు పంపాడు, బోరు వేయించాడు, కంచె వేయించాడు. వచ్చే ఏడు అరవై నిండుతుంది, ఇక ఇంటికి పోవాలి. పోయిన ఏడాది ఒక రాత్రి మా ఇంటికి వచ్చి "అబ్బీ, నీకు కంప్యూటర్లో పొలం కాయితాలు కనపడతాయంట కదా, రవ్వంత చూడు" అన్నాడు. మీభూమి సైటులో 1-బి, అడంగల్ తీశాను. ఈసీ తీయించాను. భూమి తమ్ముడి పేరునే ఉంది, అది ఆయనకూ తెలుసు. తెలియనిది ఏమిటంటే దాని మీద బ్యాంకు అప్పుంది.

ఆ కాయితం చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మా ఆవిడ టీ పెట్టి ఇచ్చింది, అది చల్లారిపోయింది.

తమ్ముడు దొంగ అని నేను అనను. అన్న కూడా అనలేదు. పదిహేనేళ్ళు ఆ నేల దున్నింది ఆయనే. రెండుసార్లు మోటారు కాలిపోతే బాగు చేయించింది ఆయనే. ముసలి తల్లిని చూసుకున్నది ఆయన భార్యే. కూతురి పెళ్ళికి అప్పు కావలసి వచ్చింది, పాసుపుస్తకం తన పేరున ఉంది, పెట్టాడు. ఆయన వైపు నుంచి చూస్తే అది తన పొలమే. అన్న వైపు నుంచి చూస్తే పాతికేళ్ళ ఎండ.

చట్టం వైపు నుంచి చూస్తే ఇంకా చిక్కు. బేనామీ చట్టాన్ని 2016లో గట్టిగా సవరించారు, ఆ నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. అందులో కొన్ని మినహాయింపులున్నాయి. తెలిసిన ఆదాయంతో భార్య పేరున, పిల్లల పేరున కొంటే బేనామీ కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ పేరున అయితే కాగితంలో మన పేరు కూడా ఉమ్మడిగా ఉండాలి. వ్యవసాయ భూమిలో ఎన్నారై పేరు ఉమ్మడిగా పెట్టడానికి వీల్లేదు, ఇప్పుడే చెప్పాను కదా. బావమరిదికి అసలు మినహాయింపే లేదు. అంటే కోర్టుకు వెళ్ళి "డబ్బు నాది, పేరు వాడిది" అని చెప్పుకోవడమే మన మీదికి తెచ్చుకోవడం. అన్నకు ఈ సంగతి నా నోటితో చెప్పవలసి వచ్చింది.

చివరికి ఏమైందంటే, పోయిన సంక్రాంతికి అన్న ఊరికి వెళ్ళాడు. పెద్దమనుషులను పిలవలేదు. తమ్ముడితో బోరు దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాడు. అప్పు సగం సగం కట్టారు. వదిన ఊళ్ళోనే ఉంటుంది, ఆమె ఎన్నారై కాదు. కాబట్టి ఎకరా ఇరవై సెంట్లు ఆమె పేరున రిజిస్టరు చేశారు. మిగిలిన దాని మాట అన్న ఎత్తలేదు. "ఎత్తితే ఇది కూడా రాదేమో అబ్బీ" అన్నాడు. అది సరైన నిర్ణయమో కాదో నాకు తెలియదు. ఆయన స్థానంలో నేనుంటే అడిగేవాడినేమో. తమ్ముడితో మాట పోయేదేమో కూడా.

ఇక నా సంగతి. 2023 జూలైలో సెలవుకు వెళ్ళినప్పుడు మధ్యవర్తి ఒకాయన నాకు మూడు చోట్లు చూపించాడు. అప్పటికి నా ఆలోచన ఏమిటంటే, నాయన పేరున కొందాం, ఆయన ఊళ్ళోనే ఉన్నాడు కదా అని.

మొదటిది చెయ్యేరు ఒడ్డున ఎకరంన్నర. చుట్టుపక్కల రేటులో సగానికే ఇస్తామన్నారు. అరటితోటల పక్కన, చల్లగా, ఏటి గాలి. ఇల్లు ఎక్కడ కట్టుకోవాలో మనసులో గీసేసుకున్నాను కూడా. అడ్వాన్సు ఇవ్వడానికి జేబులో చెక్కు బుక్కు పెట్టుకొని పోయాను. గట్టు మీద ఒక పెద్దాయన గొర్రెలు మేపుకుంటున్నాడు. నేల ఎలాంటిదని మాట కలిపాను. ఆయన కర్రతో ఒక అడుగు తవ్వి చూపించాడు. పైన కొత్తగా తోలిన ఎర్రమట్టి, కింద తెల్లటి ఇసుక. "ఏటి నేల ఏటిదే సామీ, అప్పుడప్పుడు వచ్చి అడుగుతాది" అన్నాడు.

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2021 నవంబరు 19న, తెల్లవారుజామున, పైన పింఛా కట్ట తెగి, ఆ నీళ్ళన్నీ వచ్చి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు, ఈ ఊళ్ళ మీద ఏరు పడింది. ప్రాణాలు పోయాయి, పశువులు పోయాయి. పొలాల మీద ఇసుక మేటలు వేసింది. ఆ రోజు నేను అల్ ఐన్‌లో ఆఫీసులో కూర్చుని గంటగంటకూ ఫోను చేస్తూనే ఉన్నాను, మా వాళ్ళకు ఫోన్లు కలవలేదు. అంతా తెలిసిన నేను, రెండేళ్ళు తిరగకముందే, సగం రేటు అనేసరికి అదే ఏటి పక్కన ఇల్లు గీసుకున్నాను. ఎర్రమట్టి ఒక అడుగు తోలితే చాలు, మనిషికి అంతా కమ్ముకుపోతుంది. చవకగా వచ్చే నేలకు చవక కావడానికి ఒక కారణం ఉంటుంది. ఆ కారణం మధ్యవర్తికి తెలుసు, ఊరికి తెలుసు, మనకొక్కరికే తెలియదు.

రెండోది మెట్ట మీద రెండెకరాలు. ఏటికి దూరం, రోడ్డుకు దగ్గర. ఇది డీకేటీ పట్టా అని తేలింది. మా వైపు డీకేటీ అంటే దరఖాస్తు పట్టా, ప్రభుత్వం భూమిలేని పేదలకు ఇచ్చిన నేల. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మడానికి లేదు, కొంటే చెల్లదు. మధ్యవర్తి దానికి "నోటరీ చేయిద్దాం, పదేళ్ళలో చట్టం మారిపోతుంది" అన్నాడు. ఆయన మాటలో సగం నిజమైంది కూడా. అదే ఏడాది చట్టం సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్ళు దాటితే మూలపట్టాదారుకు అమ్ముకునే హక్కు ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక అలా విడుదల చేసిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. నోటరీ కాయితం పట్టుకున్నవాళ్ళు రెండుసార్లూ ఆఫీసుల చుట్టూ తిరిగారు. సర్వే నంబరు 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. అడ్వాన్సు తర్వాత కాదు, ముందు. తెలంగాణ శ్రోతలకు కాయితాల పేర్లు వేరు. పహాణీ అంటారు, 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. చూసుకోవలసింది మాత్రం అదే. ఏజెన్సీ ప్రాంతంలో అయితే గిరిజనేతరులు కొనడానికే లేదు, 1970 నాటి వన్ ఆఫ్ సెవెంటీ నియమం ఉంది. అరకు చల్లగా ఉంటుందని ఆశపడే మిత్రులు ఇది గుర్తు పెట్టుకోవాలి.

జీపీఏ మీద అమ్మకాలు చేస్తామంటే కూడా ఒప్పుకోకండి. 2011లో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది, జీపీఏతో యాజమాన్యం రాదని. ఊళ్ళో మన తరఫున సంతకం పెట్టడానికి నమ్మకమైన మనిషికి పవర్ ఇవ్వడం వేరు. దానికి ఇక్కడ మన రాయబార కార్యాలయం ద్వారా అటెస్టేషన్ చేయించి, ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు కట్టించుకోవాలి. ఏ సర్వే నంబరు, ఏ పని, ఎంతవరకు అని రాయండి. సర్వహక్కులూ రాసివ్వకండి, సొంత బావగారైనా సరే.

మూడో చోటు బాగుంది. కాయితాలు బాగున్నాయి. నీళ్ళు లేవు. పక్క పొలంలో రెండు బోర్లు వేసి వదిలేశారు. అమ్మే ఆయన "పాయింటు చూపించేవాళ్ళను పిలిపిద్దాం, కొబ్బరికాయ తిప్పుతారు" అన్నాడు. కొబ్బరికాయ తిరిగే సంగతి నాకు తెలియదు కానీ, ఎండాకాలంలో, మే నెలలో, పక్క రైతు మోటారు ఎన్ని గంటలు ఆడుతుందో చూస్తే అంతకన్నా నమ్మకమైన పాయింటు లేదు. మనం అందరం వర్షాకాలం సెలవుల్లో వెళ్ళి, పచ్చగా ఉన్నప్పుడు చూసి కొంటాం. బోరు వేయాలంటే కూడా 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి.

అప్పుడు మా ఆవిడ ఒక మాట అంది. "ఎకరం ఎకరం అంటున్నావు, అరవై ఏళ్ళకు నువ్వు పార పట్టుకుంటావా?" నిజమే. 2019లో ఒక రాత్రి నాయనకు గుండెలో నొప్పి వస్తే 108 వచ్చి రాజంపేట తీసుకెళ్ళింది, అక్కడినుంచి కడపకు పొమ్మన్నారు. యాభై కిలోమీటర్ల పైన. ఆయన బతికాడు, దేవుడి దయ. ఆ రాత్రి తర్వాత ఏ నేల చూసినా నేను మొదట అడిగేది ఆసుపత్రికి ఎంత దూరం, రాత్రిపూట ఆటో వస్తుందా అని. రెండోది, ఊరికి ఆర్టీసీ బస్సు ఉందా అని. ముసలితనంలో కారు నడపలేని రోజు వస్తుంది కదా.

అలా లెక్కలన్నీ వేసుకుంటే తేలింది ఇది. మండల కేంద్రంలో, అనుమతి ఉన్న లేఅవుటులో, ఐదు సెంట్లు, అంటే 242 గజాలు, ఇద్దరి పేరునా కొన్నాం. ఇంటి స్థలం కాబట్టి చట్టానికి అభ్యంతరం లేదు. అంకణాల లెక్క చెబితే ఒప్పుకోకుండా చదరపు గజాల్లో రాయించాం. అంకణం ఊరికో కొలత. సర్వేయరును పిలిచి రాళ్ళు పాతించాం, నాలుగు వైపులా ఫోటోలు తీసుకున్నాం. ఏడాదికోసారి నాయన వెళ్ళి ఆ రాళ్ళు ఉన్నాయో లేదో చూసి వస్తాడు. ఒకసారి ఒక రాయి నడిచి అవతలికి పోయింది. మళ్ళీ తెచ్చి పాతాడు. అనుకున్న పాతిక లక్షల్లో సగం ఇంకా మిగిలే ఉంది. సాగునేల కొనాలనిపిస్తే ఉద్యోగం ముగించి ఇక అక్కడే ఉండిపోవడానికి వెళ్ళాక కొంటాం. ఏ రోజు నుంచి మనం చట్టం దృష్టిలో రెసిడెంటు అవుతామో ఒక ఆడిటరును అడిగి కాగితం మీద రాయించుకోండి, విమానం దిగిన రోజే కొనేయకండి.

ఒక్కటి మిగిలింది. నాయన పేరున రెండెకరాలుంది, మామిడి. నాయన పేరున ఇంకొంత కొందామని నేను మొదట అనుకున్నానని చెప్పాను కదా. అప్పుడు నా బుర్రలోకి రాని మనిషి మా అక్క. వీలునామా లేకపోతే నాయన ఆస్తి అమ్మకూ, నాకూ, అక్కకూ సమానంగా వస్తుంది. పిత్రార్జితంలో ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా వాటా అన్నది మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. నేను పంపిన డబ్బుతో నాయన పేరున కొంటే అది నాయనదే అవుతుంది, నాది కాదు. రేపు నేను "ఇది నా డబ్బు" అంటే, సనాయియాలో అన్న అన్న మాటే నేనూ అక్కతో అనవలసి వస్తుంది.

కాబట్టి అడిగేశాను, ఫోనులోనే. అక్కా, ఆ మామిడి తోట సంగతి ఏమనుకుంటున్నావు, నేను వచ్చాక అక్కడ ఉందామనుకుంటున్నాను అని. వద్దులేరా, నువ్వే తీసుకో అంటుందని నాకు లోపల ఒక ఆశ. ఆవిడ కాసేపు ఆగి, "ఒరేయ్ అబ్బీ, నాకు నా ఎకరం కావాల. నా కూతురికి ఇస్తా. బావి వైపుది నువ్వు తీసుకో, రోడ్డు వైపుది నాకియ్యి" అంది. రెండు రోజులు ఆలోచించాను. బావి వైపుది నీళ్ళున్న వైపు.

వచ్చే ఆగస్టు సెలవుకు నాయన, అమ్మ, అక్క, నేను నలుగురం కలిసి రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి నాయన చేత వీలునామా రిజిస్టరు చేయిస్తున్నాం. ఆలోగా తోటను కొలిపించి, మధ్యలో గట్టు వేయించమని నాయనకు చెప్పాను. గట్టు ఎటు పడితే ఆ పెద్ద మామిడిచెట్టు ఎవరి వైపు వస్తుందన్నది ఇంకా తేలలేదు. ఫోన్లో రోజూ అదే నడుస్తోంది.